కోతుల స్టేజి దగ్గర ఆగిపోయిన మా అబ్బాయి: రివైండ్ వాడనివ్వాలా?

సింబా_వాళ్ళ_అమ్మ

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. లయన్ కింగ్ సినిమా ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. సింహం పిల్ల సింబా వాళ్ళ నాన్న ముఫాసా చనిపోయే చోటు వచ్చేసరికి ఇప్పటికీ దిండు వెనక దాక్కుంటాడు. ఆ పిచ్చి చూసి వాళ్ళ మామయ్య నింటెండో స్విచ్ అనే చేతి ఆటయంత్రంలో ఆడుకోవడానికి అల్లాద్దీన్, లయన్ కింగ్ పాత ఆటల సంకలనం తెచ్చి ఇచ్చాడు. 2019లో వచ్చినది.

మొదటి స్టేజి రెండు రోజుల్లో దాటాడు. ఇల్లంతా తిరిగి గర్జించాడు. రెండో స్టేజి మొదలైంది. అంతే, ఐదు రోజులుగా అక్కడే ఉన్నాడు. ఒక కోతి సింబాను పట్టుకుని ఇంకో కోతి వైపు విసురుతుంది, అది మరో కోతి వైపు. చూస్తూండగానే ఎక్కడ బయలుదేరాడో అక్కడికే వచ్చి పడతాడు. నిన్న రాత్రి స్విచ్‌ను మంచం మీదికి విసిరేసి, దుప్పటి కప్పుకుని ఏడ్చాడు. ఈ స్టేజిలో వినిపించేది "ఐ జస్ట్ కాంట్ వెయిట్ టు బీ కింగ్" పాట; సినిమాలో అది వస్తే లేచి గంతులేసే పిల్లవాడు ఇప్పుడు ఆ పాట వినిపిస్తే చెవులు మూసుకుంటున్నాడు. నా బాధంతా అదే.

ఈ సంకలనంలో రివైండ్ ఉంది. బటన్ నొక్కి పట్టుకుంటే ఆట వెనక్కి వెళుతుంది. మా ఆయన "నొక్కనివ్వు, పోయేదేముంది" అంటున్నారు. నొక్కుకుంటూ పోతే వాడు గెలిచింది ఏమిటని నా ప్రశ్న. ఇంతకీ ఈ స్టేజి నిజంగా పిల్లల కోసం చేసిందేనా?

మూడోప్రాణం

ఆ కోతులా! పదేళ్ళప్పుడు నన్నూ అవే ఏడిపించాయి. మీ అబ్బాయి తప్పేమీ లేదని ముందు వాడికి చెప్పండి.

పాతబ్యాటరీ

మీ చివరి ప్రశ్నకు జవాబు ఉంది. ఆ స్టేజి కష్టంగా ఉండటం పొరపాటున జరిగింది కాదు.

ఈ ఆటను 1994లో తయారుచేసింది వెస్ట్‌వుడ్ స్టూడియోస్. ఆ సంస్థను స్థాపించినవాళ్ళలో ఒకరైన లూయీ కాసిల్ తరవాత ఒక ఇంటర్వ్యూలో సంగతి బయటపెట్టారు. అప్పట్లో అమెరికాలో వీడియో క్యాసెట్లలాగే ఆటల కార్ట్రిడ్జిలు (ఆట ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, యంత్రంలో గుచ్చి ఆడతారు) కూడా అద్దెకు దొరికేవి. అద్దెకు తెచ్చుకున్న రెండు మూడు రోజుల్లోనే ఆటలో చాలా భాగం అయిపోతే ఇక ఎవరూ కొనరని సినిమా తీసిన డిస్నీ వాళ్ళ లెక్క. అందుకని మొదట్లోనే ఒక గట్టి అడ్డుగోడ కట్టాల్సి వచ్చింది. ఆ గోడే మీ కోతులు.

అంటే ఐదు రోజులు మీ అబ్బాయి పోరాడుతున్నది సింబా శత్రువులతో కాదు, ముప్ఫై ఏళ్ళ నాటి అద్దె వ్యాపారంతో. ఇప్పుడు ఆ అద్దెలూ లేవు, ఆ లెక్కా లేదు. గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది. నన్నడిగితే అలాంటి గోడకు నిచ్చెన వేసుకోవడం తప్పు కానే కాదు. రివైండ్ నొక్కనివ్వండి.

నిదానం

పాతబ్యాటరీ గారు చెప్పిన చరిత్ర సరే. దాని నుంచి తీసిన నీతితో మాత్రం నేను ఏకీభవించను. గోడను ఎందుకు కట్టారన్నది వేరు, దాన్ని ఎక్కినవాడికి కలిగే ఆనందం వేరు. నేను ఆ స్టేజి దాటిన సాయంత్రం నాకింకా గుర్తుంది. తరవాత ఎన్నో పెద్ద ఆటలు పూర్తి చేశాను, అంత సంతోషం మళ్ళీ రాలేదు. ఇంకో వారం ఆగండమ్మా. వాడిచేతనే దాటించండి.

రెండోతెర

మీరు ఆ వయసులో దాటారు కాబట్టి గుర్తుంది. దాటలేక కార్ట్రిడ్జిని పెట్టె అడుగున పడేసిన పిల్లల మాటేమిటి? వాళ్ళు వచ్చి ఇక్కడ రాయరు కదా. నేను అలాంటివాళ్ళలో ఒకదాన్ని. పెట్టె అడుగు నుంచి రాస్తున్నాననుకోండి.

పైగా ఇది సినిమా ప్రేమతో మొదలైన ఆట. ఆ పాట వింటే చెవులు మూసుకుంటున్నాడని ఆమె రాసిన వాక్యం మీరు మళ్ళీ చదవండి. ఆట ఓడిపోతే ఓడిపోయాడు, సినిమాను పోగొట్టుకోకూడదు.

మూడోప్రాణం

కిటుకు ఒకటి చెబుతాను, ఇది పూర్తి జవాబు కాదు, వాడి ఆనందం పోదు.

కోతుల మీద గర్జిస్తే అవి తిరిగి ఉన్న దిక్కు మారుతుంది. అది మారితే అవి సింబాను విసిరే దారి మారుతుంది. అన్నీ కాదు, రంగు తేడాగా గులాబీగా కనిపించే కోతుల మీద దృష్టి పెట్టమనండి. ఇంకో సంగతి, తెర పైన గర్జన మీటర్ ఉంటుంది. అది నిండకముందే ఆత్రంగా నొక్కితే పిల్లికూన అరుపులాంటిది వస్తుంది, కోతి కదలదు. పిల్లలు అక్కడే మోసపోతారు. "గర్జించాను కదా, తిరగలేదే" అనుకుని ఇది దారి కాదేమో అని వదిలేస్తారు. మీటర్ పూర్తిగా నిండేదాకా బటన్ మీది నుంచి వేలు తీసి కూర్చోమనండి.

సింబా_వాళ్ళ_అమ్మ

మూడోప్రాణం గారూ, మా వాడు అచ్చంగా అదే అన్నాడు! "అమ్మా, నేను అరిచినా అది వినడం లేదు" అని. నేను బటన్ సరిగా పనిచేయడం లేదేమో అనుకుని గుడ్డతో తుడిచాను కూడా. మీటర్ సంగతి మా ఇద్దరికీ తెలియదు. సాయంత్రం బడి నుంచి రాగానే చెబుతాను.

నాలుగు_రంగులు

నేను ఈ ఆటను మొదట చూసింది గేమ్‌బాయ్‌లో, అంటే నింటెండో వాళ్ళ పాత చేతియంత్రంలో. సంకలనంలో ఆ రూపం కూడా ఉంది, ఒకసారి తెరిచి అబ్బాయికి చూపించండి.

1989 నాటి గేమ్‌బాయ్ తెర అడ్డంగా 160, నిలువుగా 144 పిక్సెళ్ళు. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే, అవి కూడా ఆకుపచ్చ పసుపు కలిసిన మసక మీద. వెనక నుంచి వెలుగు రాదు. నాకు బాగా గుర్తున్నది ఆట కన్నా ఆడే భంగిమ. దీపం ఎడమ భుజం వెనక ఉండాలి. యంత్రాన్ని కొద్దిగా వంచి పట్టుకోవాలి. ఎక్కువ వంచితే తెర మీద దీపమే కనిపిస్తుంది, తక్కువ వంచితే ఏమీ కనిపించదు. ఆ ఒక్క కోణం దొరికాక మెడ తిప్పకుండా అరగంట కూర్చునేవాణ్ణి. సింబా పరుగెత్తితే తెర మీద వాడి వెనక ఒక నీడ జారుతూ వెళ్ళేది. ఆ తెర పిక్సెళ్ళు నెమ్మదిగా ఆరేవి కాబట్టి వేగంగా కదిలే ఏ బొమ్మయినా అలాగే అలుక్కుపోతుంది. జూలు లేని ఆ చిన్న సింహం తోక ఎక్కడ ముగుస్తుందో, నేల ఎక్కడ మొదలవుతుందో ఊహించుకుంటూ దూకాలి.

అయినా నాకు అది సినిమాలాగే కనిపించేది. ఇప్పుడు చూస్తే నాలుగు మసక ఛాయల్లో ఆ ఎండ, ఆ గడ్డి ఎక్కడ కనిపించాయో తెలియదు. అప్పుడు మాత్రం అంతా కనిపించింది.

పాతబ్యాటరీ

నాలుగు పెన్సిల్ బ్యాటరీల సంగతి మరిచారు. ఎర్ర దీపం మసకబారడం మొదలైతే గుండె ఆగేది.

నాలుగు_రంగులు

మీ పేరు చూసి ఆ మాట మీకే వదిలేశాను.

గీతలబొమ్మ

నేను యానిమేషన్ పని చేస్తాను, ఆ వైపు నుంచి ఒక మాట. సినిమా బొమ్మలకూ ఆట బొమ్మలకూ మధ్య ఒక పాత పేచీ ఉంది.

సినిమాలో ఒక పాత్ర దూకాలంటే ముందు కాళ్ళు ముడుచుకోవాలి, నడుము కిందికి దిగాలి, తోక వెనక్కి పోవాలి. ఆ తరవాతే పైకి లేస్తుంది. ఆ ముందస్తు కదలిక లేకపోతే బొమ్మకు బరువు ఉండదు. ఆటలో ఆ కదలిక పెడితే ఏమవుతుంది? పిల్లవాడు బటన్ నొక్కాడు, సింబా ఇంకా కాళ్ళు ముడుస్తున్నాడు, ఈలోపు కింద నేల లేదు. వేలికీ కంటికీ మధ్య ఆ క్షణంలో సగం కూడా ఎడం ఉండకూడదు. అందుకే ఆటలు చేసేవాళ్ళు ముందస్తు కదలికను తీసేసి, దిగాక వచ్చే కదలికను అందంగా గీస్తారు. ఆడేటప్పుడు గమనించండి, ఎగరడం తటాలున జరుగుతుంది, దిగడంలో మాత్రం మెత్తదనం ఉంటుంది.

ఇదే సంకలనంలోని అల్లాద్దీన్ చూడండి. 1993లో సెగా అనే సంస్థ ఆటల యంత్రం కోసం వర్జిన్ సంస్థలో డేవిడ్ పెర్రీ బృందం చేసింది. ఆ బొమ్మలను డిస్నీ యానిమేటర్లు కాగితం మీద చేత్తో గీసి ఇస్తే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అల్లాద్దీన్ ఊరికే నిలబడి ఉన్నప్పుడు చూడండి, ఆపిల్‌ను ఎగరేసి పట్టుకుంటాడు. ఆటకు దానితో పని లేదు, ఎవరూ అడగలేదు. అయినా ఒకరు కూర్చుని గీశారు. నేను ఈ వృత్తిలోకి రావడానికి అలాంటి గీతలే కారణం.

కార్ట్రిడ్జి_పెట్టె

అల్లాద్దీన్ మాట వచ్చింది కాబట్టి, పాత ఆటలు వెతికే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఒకే సినిమా, ఒకే పేరు, కానీ యంత్రం మారితే లోపల ఉన్న ఆటే వేరు కావచ్చు. అల్లాద్దీన్ సెగాలో ఒకటి, దాని పోటీ యంత్రం సూపర్ నింటెండోలో మరొకటి. రెండోది జపాన్ సంస్థ క్యాప్‌కామ్ చేసింది. సెగా అల్లాద్దీన్ చేతిలో కత్తి ఉంటుంది, క్యాప్‌కామ్ అల్లాద్దీన్‌కు కత్తి లేదు, శత్రువుల తల మీద దూకుతాడు. క్యాప్‌కామ్ ఆటను రూపొందించిన షింజీ మికామీయే తరవాత 1996లో రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే ఆట తీశాడు.

చేతిలో పట్టుకునే యంత్రాలకు వచ్చేసరికి, పాత గేమ్‌బాయ్‌లో ఉన్నది సెగా ఆటకు చిన్న రూపం. దాని తరవాతి తరం యంత్రమైన గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో ఉన్నది క్యాప్‌కామ్ ఆట. అట్ట మీద బొమ్మ చూసి "చిన్నప్పుడు ఆడింది ఇదే" అని తెచ్చుకుంటే, తీరా తెరిచాక కత్తి లేక తికమకపడతారు. నేను పడ్డాను.

నిదానం

చర్చ అల్లాద్దీన్ తివాచీ ఎక్కి ఎక్కడికో పోతోంది. రివైండ్ సంగతి తేల్చుదాం.

రెండోతెర గారూ, పిల్లవాడికి కష్టం వద్దని నేను అనడం లేదు, సుఖం వద్దనీ అనడం లేదు. కోతుల వరస ఒక పొడుపుకథ. జవాబు పుస్తకం చివరి పేజీలో ఉందని ముందే తెలిస్తే పొడుపుకథ విప్పే మెదడు నిద్రపోతుంది. రివైండ్ అలవాటైతే దూకే ముందు ఎవరూ ఆలోచించరు. పడితే వెనక్కి, పడితే వెనక్కి. మా అక్క కొడుకు పాత ఆట ఒకటి అలాగే గంటలో పూర్తిచేశాడు. ఏం చూశావురా అని అడిగితే ఒక్క స్టేజి పేరు చెప్పలేకపోయాడు.

వేలినొప్పి

నేను ఇక్కడ చదవడమే గాని రాయను. ఈ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను.

నాకు కీళ్ళవాతం ఉంది. కుడి చేతి బొటనవేలు ఉదయం పూట వంగదు. చిన్నప్పుడు ఈ ఆటలన్నీ ఆడాను, కోతులను కూడా ఒక్కణ్ణే దాటాను నిదానం గారూ, మీలాగే. ఇప్పుడు ఎక్కడ దూకాలో నా మెదడుకు తెలుసు, వేలు మాత్రం ఆలస్యంగా వస్తుంది. ఇదే స్టేజిలో నిప్పుకోడి మీద స్వారీ చేసే ముక్కలో గూళ్ళు వస్తాయి చూడండి, కొన్నిచోట్ల వంగాలి, కొన్నిచోట్ల రెండుసార్లు ఎగరాలి. అక్కడ ఒక్క క్షణం తేడా వస్తే పోయినట్టే. రివైండ్ లేని రోజుల్లో నేను ఈ ఆటలు పూర్తిగా మానేశాను. ఎన్నో ఏళ్ళ తరవాత రివైండ్ వల్లే ఆట చివర ఎదురయ్యే విలన్ స్కార్ దాకా వెళ్ళాను. ఆ రోజు నేను గెలవలేదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

నిదానం

వేలినొప్పి గారూ, మీ మాటకు నా దగ్గర ఎదురు మాట లేదు. నేను పిల్లల గురించి మాత్రమే ఆలోచించి రాశాను. రివైండ్ ఉండకూడదన్న అర్థం వచ్చి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మూడోప్రాణం

చూశారా, నిదానం గారు కూడా రివైండ్ నొక్కారు.

రెండోతెర

ఈ రోజుకు దీన్ని మించిన మాట రాదు.

చీకట్లో_తెర

సినిమా, చేతియంత్రం అనగానే నాకు గుర్తొచ్చేది ఇంకొకటి. ఆట కాదు, ఏకంగా సినిమానే కార్ట్రిడ్జిలో పెట్టి ఇచ్చారు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ వీడియో అని వచ్చేవి. ష్రెక్ పూర్తి సినిమా అలా వచ్చింది. ఆ తెర 240 అడ్డం, 160 నిలువు. ఆ కాస్త చోటులో, కార్ట్రిడ్జిలో పట్టేలా పిండి పిండి పెట్టిన బొమ్మ. పాత్ర ముఖం దగ్గరగా వస్తే గళ్ళు గళ్ళుగా ఉండేది, మాటలు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపించేవి. అయినా దుప్పటి కింద సినిమా చూడగలగడం ఆ రోజుల్లో మామూలు విషయమా?

ఇంకో విశేషం. గేమ్‌బాయ్ ఆటలను టీవీలో చూపించే గేమ్‌బాయ్ ప్లేయర్ అనే పరికరం ఉండేది. ఈ వీడియో కార్ట్రిడ్జిలు దానిలో ఆడవు, ఎవరూ టీవీ నుంచి రికార్డు చేసుకోకుండా ముందే అడ్డుకట్ట వేశారు.

కార్ట్రిడ్జి_పెట్టె

ఆ వీడియో కార్ట్రిడ్జి నా దగ్గర ఒకటి ఉంది. మా అమ్మాయికి చూపిస్తే రెండు నిమిషాలు చూసి "నాన్నా, దీనికి జ్వరమొచ్చిందా" అంది.

పాతబ్యాటరీ

పిల్లవాడు ఓడిపోతే మళ్ళీ మొదటి నుంచి ఆడాల్సి రావడం గురించి ఎవరూ రాయలేదు. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవాలంటే కార్ట్రిడ్జి లోపల ఒక చిన్న బ్యాటరీ, జ్ఞాపకశక్తి ఉన్న చిప్ పెట్టాలి. దానికి ఖర్చవుతుంది. సినిమాతో పాటు హడావుడిగా వచ్చే ఆటల్లో చాలావాటికి ఆ ఖర్చు పెట్టేవారు కాదు, బదులుగా పాస్‌వర్డ్ ఇచ్చేవారు. నా దగ్గర ఒక నోటుపుస్తకం నిండా అవే. ఒక ఆటలో, పేరు వద్దు, సున్నాకూ ఇంగ్లీషు 'O' అక్షరానికీ తేడా తెలిసేది కాదు. చివరి స్టేజి పాస్‌వర్డ్‌లో అలాంటివి మూడున్నాయి. మూడింటికీ రెండేసి చొప్పున ఎనిమిది రకాలుగా రాసుకుని ఒక్కొక్కటే కొట్టి చూశాం, నేనూ మా అన్నయ్యా. ఏడోది పనిచేసింది. ఆ పుట ఇప్పటికీ చించలేదు.

బ్యాటరీ ఉన్న కార్ట్రిడ్జిలకు ఇంకో గండం. ఆ బిళ్ళ బ్యాటరీ ఏళ్ళ తరవాత చచ్చిపోతుంది, దానితో పాటే దాచుకున్నదంతా పోతుంది. పాత కార్ట్రిడ్జి పెట్టెలోంచి తీస్తే ముందు లోపలి రాగి పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. నోటితో ఊదకండి. మేమంతా ఊదేవాళ్ళం, అది పనిచేసిందని నమ్మేవాళ్ళం. నిజానికి తీసి మళ్ళీ పెట్టడం వల్ల పనిచేసేది, ఊదిన తేమ మాత్రం పట్టీలకు చేటు చేసేది.

సింబా_వాళ్ళ_అమ్మ

ఇవాళ్టి కబురు.

మీటర్ సంగతి చెప్పగానే వాడి ముఖం మారిపోయింది. బటన్ మీది నుంచి వేలెత్తి, మీటర్ నిండేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. గర్జించాడు. కోతి తిరిగింది! "అమ్మా, విన్నది!" అని అరిచాడు. కాని ఆ తరవాత మళ్ళీ అదే కథ. ఒకటి తిప్పితే ఇంకెక్కడికో పోతున్నాడు. ఏ కోతిని ముందు తిప్పాలో, దేన్ని వదిలేయాలో తెలియడం లేదు. గంట తరవాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆపేశాను.

గీతలబొమ్మ

ఈ సంకలనంలోనే ఎవరో ఆట మొత్తం ఆడుతుంటే చూసే సదుపాయం ఉంది. చూస్తూ చూస్తూ కావాలన్న చోట పగ్గాలు మనం అందుకోవచ్చు. సంకలనం చేసిన డిజిటల్ ఎక్లిప్స్ వాళ్ళు పాత ఆటలను అలా శ్రద్ధగా అందిస్తారు. చూపించమని అనను, ఉన్నదని చెబుతున్నాను.

నిదానం

అది చివరి పేజీయే. అది మాత్రం వద్దు.

వేలినొప్పి

నాదొక సలహా. రివైండ్‌ను పడిపోయిన తప్పు దిద్దుకోవడానికి కాకుండా, తప్పు ఎక్కడ జరిగిందో చూడటానికి వాడమనండి. సింబా నీళ్ళలో పడ్డాక మెల్లగా వెనక్కి తిప్పితే, ఏ కోతి ఏ వైపుకు విసిరిందో ఒక్కొక్కటిగా కనిపిస్తుంది. ముందుకు ఆడేటప్పుడు అది మూడు క్షణాల్లో అయిపోతుంది, పిల్లవాడి కన్ను పట్టుకోలేదు. చూశాక రివైండ్ వదిలేసి, మళ్ళీ మామూలుగా ఆడాలి. నేను నా వేలి కోసం వాడతాను, వాడు కంటి కోసం వాడతాడు.

మూడోప్రాణం

ఇది బాగుంది. చిన్నప్పుడు నాకు ఇదే కావాల్సింది. మా ఇంట్లో నేను ఆడుతుంటే చెల్లెలు పక్కన కూర్చుని కాగితం మీద బాణాలు గీసేది. నా రివైండ్ ఆ అమ్మాయే.

నిదానం

దీనికి నేను కూడా సరేనంటాను. ఒక షరతు మీద: ఎప్పుడు నొక్కాలో వాడే చెప్పాలి, మనం కాదు.

కార్ట్రిడ్జి_పెట్టె

ఇంకో చిన్న మాట. బొటనవేలితో తిప్పే స్టిక్‌తో ఆడుతున్నాడా, దిక్కుల బటన్లతోనా? ఈ ఆటలు బటన్ల కోసం చేసినవి. స్టిక్ కొద్దిగా ఏటవాలుగా పడినా సింబా వంగిపోతాడు. బటన్లు వాడమనండి. ఆట ఎంపికల్లో కష్టం తగ్గించుకునే అవకాశం కూడా ఉంది. కోతుల పొడుపుకథ మాత్రం దానితో తేలదు, అది వాడే విప్పాలి.

రెండోతెర

ఒక్క సందేహం. సినిమాలో లేని చోట్లు ఆటలో ఎందుకున్నాయి? పెద్ద జలపాతం పక్కన ఎక్కే స్టేజి సినిమాలో ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

పాతబ్యాటరీ

లేదు. హకూనా మటాటా, బీ ప్రిపేర్డ్ అనే స్టేజీలు సినిమా నుంచి తరవాత తీసేసిన సన్నివేశాల ఆధారంగా చేసినవని అదే కాసిల్ చెప్పారు. సినిమా గీస్తూండగానే ఆట కూడా తయారవుతుంది, రెండూ ఒకే ఏడాది బయటికి రావాలి. సినిమావాళ్ళు ఒక సన్నివేశం కత్తిరించే వేళకు ఇక్కడ స్టేజి తయారైపోయి ఉంటుంది. కాబట్టి సినిమాలో ఎవరూ చూడని చోటును పిల్లలు ఆటలో ఎక్కి దూకి వచ్చారు. ఈ రకం ఆటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. సినిమా మరిచిపోయిన గది తాళం ఆట దగ్గర ఉండిపోయింది.

నాలుగు_రంగులు

ఇది తెలియదు నాకు. ఇన్నేళ్ళూ ఆ స్టేజిని నోరుమూసుకుని ఎక్కాను. ఇవాళ మళ్ళీ ఎక్కుతాను.

సింబా_వాళ్ళ_అమ్మ

దాటాడు!

ఎలాగో రాస్తాను, మీ అందరికీ తెలియాలి. వేలినొప్పి గారు చెప్పినట్టు నీళ్ళలో పడ్డాక రివైండ్ మెల్లగా తిప్పుకుంటూ చూశాడు. రెండుసార్లు చూశాక బల్ల మీది నుంచి నా నోటుపుస్తకం తెచ్చాడు. కోతులకు ముఖాలు గీసి, ఒక్కోదానికీ ఒక బాణం పెట్టాడు. తరవాత వాడు చేసిన పని చూసి నాకు నోట మాట రాలేదు. ముందు నుంచి కాకుండా చివరి నుంచి మొదలుపెట్టాడు. "ఇక్కడికి చేరాలంటే నన్ను ఈ కోతి విసరాలి, దీని దగ్గరికి రావాలంటే ఆ కోతి విసరాలి" అంటూ వెనక్కి వెనక్కి వచ్చాడు. ఒకచోట గీసింది చెరిపి, బాణం తిప్పి, "ఇది ఒక్కటే తప్పమ్మా" అన్నాడు. పుస్తకం మూసి, రివైండ్ నొక్కకుండా ఆడాడు. మొదటిసారి గర్జన తొందరపడింది. రెండోసారికి కోతులు ఒకదాని తరవాత ఒకటి విసిరి, సరిగ్గా వాడు గీసిన దారిలోనే అవతలికి తీసుకెళ్ళి దింపాయి.

అరవలేదు, గంతులేయలేదు. స్విచ్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఆ తరవాత పాట తనే అందుకున్నాడు.

రివైండ్ నొక్కితే గెలిచినట్టా అని అడిగాను కదా. ఇప్పుడు ఆ ప్రశ్న నాకు లేదు.

మూడోప్రాణం

చివరి నుంచి మొదటికా! నేను పదేళ్ళప్పుడు ఆ ఆలోచన చేసి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి. ఆ పుట చించకండి.

నిదానం

కళ్ళు చెమర్చాయి. వాడికి నా తరఫున ఒక గర్జన.

వేలినొప్పి

మీటర్ నిండాకే సుమా.

గీతలబొమ్మ

వీలైతే కోతుల ముఖాలు గీసిన పుట ఫోటో పెట్టండమ్మా. నాకు చూడాలని ఉంది.

సింబా_వాళ్ళ_అమ్మ

వాడిని అడిగి పెడతాను, పుస్తకం ఇప్పుడు నాది కాదట.

ఇంకొకటి అడగాలి. పడుకునే ముందు "అమ్మా, వాళ్ళ నాన్న చనిపోయే చోటు ఆటలో కూడా వస్తుందా" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక రేపు చెబుతానన్నాను. ముందే తెలుసుకుని ఉంటే మంచిదని అడుగుతున్నాను.

పాతబ్యాటరీ

మొత్తం పది స్టేజీలు. మూడోది ఏనుగుల శ్మశానం, హైనాలు ఉంటాయి. నాలుగోది తొక్కిసలాట. అందులో సింబా పక్కకు కాదు, నేరుగా మనవైపు పరుగెత్తుకుంటూ వస్తాడు, వెనక వైల్డ్‌బీస్ట్ అనే కొమ్ముల అడవి జంతువుల మంద. రాళ్ళ మీద నుంచి దూకుతూ తప్పించుకోవాలి. దాని తరవాత వచ్చే ఐదో స్టేజి సింబా ఇల్లు వదిలి పారిపోవడం. కథ తెలిసిన పిల్లవాడికి మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కరలేదు. ఆ నాలుగో స్టేజి వాడు ఒంటరిగా ఆడకుండా చూడండి.

రెండోతెర

తొక్కిసలాట పగటిపూట ఆడించండి, పడుకునే ముందు వద్దు.

సింబా_వాళ్ళ_అమ్మ

పొద్దున్నే ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఆలోచించాడు. నన్ను ఎడమ పక్కన కూర్చోమన్నాడు. దిండు కుడి పక్కన పెట్టుకుని ఆడతాడట.